తూకానికి అమ్మిన జర్మనీ గుండ్లు

శ్రీరస్తు. చక్రమును ధరించియు దానికి కందెన పెట్టనక్కర లేని స్వామికి మొదట నమస్కరించి, నా నాలుకకు కారమును, కలమునకు నిగ్రహమును ఇచ్చిన వాగ్దేవికి పిమ్మట నమస్కరించి, స్వస్తిశ్రీ క్రోధన నామ సంవత్సర మార్గశిర శుద్ధ పంచమినాడు బరంపురము చెంత అంకులిలోని నా ఇంటి వసారాలో కూర్చుండి ఈ అధ్యాయము ప్రారంభించుచున్నాను. సంవత్సరము పేరు నేను ఎన్నుకొన్నది కాదు. అది తానై అమరినది.

నిన్న మధ్యాహ్నము బొంబాయి నుండి ఇద్దరు యువకులు వచ్చిరి. మోటారు చక్రములలో వేయు ఉక్కుగుండ్లను తయారుచేయు ఒక జర్మను కర్మాగారమునకు వారు ఉద్యోగులు. ఆ కర్మాగారము పేరు నేను వ్రాయను. వ్రాసినచో దానిని కూడ ప్రకటనగా అచ్చువేసికొనగల ఘనులు వారు. తమ కంపెనీ చరిత్రను ఒక గ్రంథముగా వెలువరించి, దాని ప్రతి నొకదానిని నాకు కానుకగా తెచ్చిరి. బరువునందు ఆ గ్రంథము మా పెదనాన్నగారి తూనికరాళ్లలో పెద్దదానికి తీసిపోదు. విషయమునందు ఆ రాయే మేలు. మొదటి పుటనిండ మూలపురుషుని మీసములు. ఆయన కమ్మరి కొడుకట. బాల్యమున గోళీలాడుచు ప్రపంచచక్రమునకు ఏమి లోపించినదో గ్రహించెనట. మా వీధిలో గోళీలాడిన వారెవ్వరికిని ఇట్టి జ్ఞానోదయము కలుగలేదు, ఎందుకనగా వారి చరిత్రను వారి మనుమలు డబ్బిచ్చి వ్రాయింపలేదు. పిమ్మట సైకిళ్లకు గుండ్లు, మోటార్లకు గుండ్లు. పిమ్మట యుద్ధము. ఫిరంగులకును విమానములకును ఆ గుండ్లే పోయిన కాలమును గ్రంథకర్త ఒక్క వాక్యములో దాటించెను: అది 'కష్టకాలము' అట. ఎవరి కష్టమో, ఎవరివలన కలిగిన కష్టమో చెప్పుటకు అంత మందపు కాగితము చాలలేదు కాబోలు.

ఆ వాక్యమునకు ఎదుటి పుటలో మా పెదనాన్నగారు ఉండిరి. మెడలో బంతిపూల దండ, చేతిలో రాగి త్రాసు, త్రాసు తట్టలో కందులవలె కుప్పవోసిన ఉక్కుగుండ్లు, వెనుక వరుసగా రేకు తొట్లు. చిత్రము క్రింద ఆంగ్లమున వ్రాసినది యువకులలో తెలుగువాడు నాకు చదివి వినిపించెను: సుదూర గంజాములో మా గుండ్లను ప్రజలు ధాన్యమువలె తూచి కొనుచుండిరి, మా నాణ్యతయందు వారికి గల నమ్మకము అట్టిది.

"తాతగారూ, మీ పెద్దనాన్నగారి గురించి రెండు మంచి మాటలు చెప్పండి. టేపులో రికార్డు చేసుకుంటాం" అనెను ఆ యువకుడు.

"మంచివే కావలెనా, నిజమైనవి కూడ పనికివచ్చునా?" అని అడిగితిని. అతడు నవ్వెను. ఆ ఉద్యోగములో నవ్వుట నేర్పుదురు.

మా తండ్రిగారు నా పసితనముననే పోగా, నన్నును మా అక్క సన్యాసమ్మను పెంచినవారు పెదనాన్న గవరయ్య శ్రేష్ఠిగారు. బరంపురము మద్రాసు ఆధిపత్యమున ఉన్న రోజులవి. ముందు కొట్టు, వెనుక ఇల్లు. చింతపండు, బెల్లము, పసుపు, నువ్వులనూనె, గోనెసంచులు, ఎలుకలు కలిసి చేసిన ఒక వాసన ఆ ఇంటి గోడలలోనుండి వచ్చుచుండెడిది. మా అన్నములోను ఉండెడిది, కాళిదాసును వల్లించుచున్న నా నోటిలోను ఉండెడిది. పెదనాన్నగారు స్నానము చేసి, నామము దిద్దుకొని, కొట్టు గడపకు పసుపు పూసి, త్రాసునకు నమస్కరించి కూర్చుండువరకు ఇంటిలో ఎవ్వరును బిగ్గరగా తుమ్మరాదు. మొదటి తూకమును 'ఒకటి' అనుట ఆ ఇంట నిషిద్ధము. "లాభం" అనియే మొదలు. తరువాతనే రెండు, మూడు. మా పెదతల్లి వంటింటిలో చారెడు బియ్యము కొలిచినను "లాభం" అనియే కొలిచెడిది. ఆ లాభము మా కంచములలోనికి మాత్రము ఎన్నడును దిగలేదు.

పెదనాన్నగారి కీర్తికి మూలము కలుపుట. నిరుటి కందులు, ఈ ఏటి కందులు, కొండప్రక్క కందులు, ఇసుకనేల కందులు ఆయన చేతిలో ఒకటిగా కలిసి, మంచిదియు కాక చెడ్డదియు కాక, ఎవడును వంక పెట్టలేని ఒకే సరుకుగా వెలువడెడివి. ఎంతకు ఎంత కలుపవలెనో ఆయన పిడికిలికి తెలియును. గంజాము వర్తకులు దీనిని విద్య అనిరి. నేను నాటికి దండి, బాణుల మధ్య మసలుచున్నవాడను గనుక నాకు నవ్వు వచ్చెడిది. నన్ను చూచి పెదనాన్నగారికి నవ్వు వచ్చెడిది. కొట్టునకు పనికిరాడని నన్ను చదువునకు వదలి, వారు మా అక్కకు కొడల అను ఊరి నుండి ఒక అల్లుని ఇల్లరికము తెచ్చిరి.

ఆ అల్లుడే మా బావ కూర్మయ్య. బీదయింటివాడు, పెద్ద గొంతుకవాడు, గొప్పలు చెప్పుటలో జమీందారులను మించినవాడు. అతనిని నేను వెనకేసికొని రాను. ఒక్క మోటారును ఒక్కసారి తుడిచినందుకే తాను దానిని నడిపినట్లు చెప్పుకొనెడివాడు. కాని ఇల్లరికము ఎట్టివానినైనను అరగదీయును. పంక్తిలో చివర కూర్చుండుట, నెయ్యి వడ్డించుచున్న చేయి తన దగ్గరకు వచ్చుసరికి వెనుకకు తిరుగుట, కొట్టులో గుమస్తాకంటె ముందు లేచుట, గుమస్తాకంటె తరువాత కూర్చుండుట. ఎవరో దొర వదలిపోయిన పాత లారీ నొకదానిని బావ సంపాదించి, దానిపై చెక్కలు కొట్టి బల్లలు వేసి బస్సు అనెను. బరంపురము నుండి పాత్రపూర్ సంతకు మోటారు నడిపి, ఆ ఊరిలోనే కాపురము పెట్టుట అతని సంకల్పము. పెదనాన్నగారు ప్రతిదినము అన్నము ముందు దానిని నంజుకొనెడివారు.

"అల్లుడా, మోటారెప్పుడు? ఈ ఇంట్లో కందిపప్పు అయిపోయేలోగా నడుస్తాదా?"

"నడుస్తాది మావయ్యా. ముందు సీటు మీకే."

"ముందు సీటుకేటిగాని, ఎనకనుంచి తొయ్యడానికి ఎందర్ని కట్టుకెల్తావు?"

మా పెదతల్లి నవ్వును, గుమస్తా అప్పన్న నవ్వును, అక్క నవ్వదు. అక్క తన పెట్టె అడుగున ఒక క్రొత్త ఇత్తడి తపేలాను గుడ్డచుట్టి దాచుకొన్నది. తన పొయ్యి తాను వెలిగించిననాడు దానిలో మొదటి అన్నము వండవలెనని ఆమె కోరిక. ఆ ఇంటిలో అక్క కోరినది అది ఒక్కటియే.

ఇట్లుండగా మద్రాసు నుండి ఒక ప్రతినిధి వచ్చి, ఆ జర్మను గుండ్ల గంజాము ఏజెన్సీని పెదనాన్నగారికి అంటగట్టెను. కందులమ్ము కొట్టులో బేరింగు గుండ్లేల అని అడుగువారు లేకపోయిరి. జమీందారులకు మోటార్లు, ఉద్యోగులకు సైకిళ్లు వచ్చుచున్న రోజులు. సరుకు వచ్చినది. చిన్న చిన్న రేకు డబ్బాలు, ప్రతి డబ్బా మీద ఒక అంకె. చూపునకు గుండ్లన్నియు ఒకే పరిమాణము. కాని ఒక డబ్బాలోని గుండునకును వేరొక డబ్బాలోని గుండునకును వెంట్రుకను చీల్చి మరల చీల్చినంత భేదము కలదట. ఒక చక్రనాభిలో వేయు గుండ్లన్నియు ఒకే డబ్బాలోనివి కావలెను. అట్లుకాక కలిసెనా, పెద్దవాటి మీదనే బరువంతయు పడి అవి పగులును. చిన్నవి పని లేక దొర్లుచుండును. ఇది నేను చాల సంవత్సరముల తరువాత తెలిసికొన్న సంగతి. అంకెల అర్థము చెప్పు కాగితము ప్రతి డబ్బాలోను ఉండెనట. దానిలో అప్పన్న లవంగములు పొట్లము కట్టెను.

పెదనాన్నగారు డబ్బాలు విప్పించి, నాలుగు గుండ్లు అరచేతిలో దొర్లించి, పెదవి విరిచిరి.

"ఏటిదిరా అప్పన్నా? ఒకే రంగు, ఒకే గుండ్రం. దీనికి ఇన్ని డబ్బాలేటి? తెల్లోడికి డబ్బాల పిచ్చి."

"డబ్బా మీద అంకెలున్నాయి గదయ్యా."

"అంకెలుంటాయిరా. గోనిసంచి మీదా ఉంటాయి. కందులు అంకెల్ని సూసి ఉడుకుతాయేటి? పొయ్యి తొట్లో."

గుండ్లన్నియు తొట్లలో పడెను. సముద్రపుగాలికి త్రుప్పు పట్టకుండ నువ్వులనూనె పోసి, ఆ విద్యావంతుడు స్వయముగా మోచేతివరకు చేయి ముంచి కలిపెను. నిరుటి సరుకు, క్రొత్త సరుకు, పెద్దది, చిన్నది, అంతయు ఒక్కటి. పిమ్మట రాగి త్రాసు ఎత్తి "లాభం" అని తూచిరి. డబ్బాలు పొడుము వేసికొను ముసలివారికి వేరుగా అమ్ముడుపోయినవి. సైకిళ్ల కొట్లవారు, జమీందారుల మోటారు డ్రైవర్లు వచ్చి వీశెల లెక్కన కొనిపోయిరి. త్వరలోనే మరల వచ్చిరి. వేసినవి వేసినట్లు పిండి యగుచుండగా వారు బాటలను తిట్టిరి, వానలను తిట్టిరి, ఎద్దులబండ్లు పెట్టిన గాడులను తిట్టిరి. గుండ్లను తిట్టుటకు ఎవ్వనికిని నోరు రాలేదు. అవి జర్మనీవి. జమీందారు సంతకమును ప్రశ్నింపవచ్చును గాని జర్మనీ ఉక్కును ప్రశ్నింపరాదని నాడు గంజాములో చదివినవాడును చదువనివాడును ఏకగ్రీవముగా నమ్మిరి. పాడైనకొలది అమ్మకము పెరిగెను. మా కొట్టునుండి పోవు ఆర్డరును చూచి మద్రాసువారు విస్తుపోయిరి.

విస్తుపోయి, చూచి రమ్మని ఆ ప్రతినిధిని ఒక జర్మను దొరతో మరల పంపిరి. ఆనాడు మా కొట్టు ముందు ముగ్గు పెద్దదిగా పడినది. దొర ఎఱ్ఱని యువకుడు. తొట్లను చూచి మొదట అతనికి అవి ఏమో తెలియలేదు. బావకు అప్పటికి బస్సు చక్రములకు గుండ్లు కావలసియుండెను. బస్సునకు సర్కారు అనుమతి యిచ్చు పరీక్షకు పోవలసిన దినము దగ్గరపడినది. అతడు తన పెద్ద గొంతుకతో నిలబెట్టి అడిగెను.

"దొరా, ఒక్క మాట. డబ్బాలిప్పి అన్నీ ఒక్క దగ్గరే పోసీసినారు మా మావయ్య. ఇయ్యి నా బస్సు సక్రంలో ఎయ్యొచ్చా? ఫరవానేదా? రేపు దాన్లో మనుసులెక్కుతారు."

ప్రతినిధి దానిని ఆంగ్లములోనికి మార్చెను. దొర తొట్టిలో చేయి పెట్టి పిడికెడు గుండ్లు తీసెను. నూనె అతని తెల్లని చొక్కా చేతిమీదుగా కారెను. ముఖము కందగడ్డయైనది. ఏదో గట్టిగా అరచెను. నాకు నాడు ఆంగ్లము రాదు. కాని అలంకారశాస్త్రము చదువుచున్నవానికి క్రోధమునకు అనువాదము అక్కరలేదు. అప్పుడు ప్రతినిధి మెల్లగా అతని చెవిదగ్గరకు వంగి, ఖాళీయైన తొట్లను ఒక్కొక్కటిగా వ్రేలితో చూపుచు, మందహాసముతో ఏదో చెప్పెను. దొర వినెను. మరల తొట్ల వైపు చూచెను. గుండ్లను తిరిగి తొట్టిలో వదలెను. చేయి తుడుచుకొని, కెమేరా తెమ్మనెను.

"దొరగారికి చాలా సంతోషం శెట్టిగారూ," అనెను ప్రతినిధి. "మా గుండు ఎక్కడ పోసినా మా గుండే. అల్లుడుగారూ, నిశ్చింతగా వెయ్యండి."

"ఇన్నావా?" అనిరి పెదనాన్నగారు, దండ సర్దుకొనుచు. "దొర సెప్పినాడు. ఇప్పుడైనా ఆ నోరు ముయ్యి."

నిన్న నా ముందు తెరవబడిన చిత్రము ఆ క్షణమున తీసినది. దానిలో బావ లేడు. చిత్రములో నిలువబోయిన అతనిని ప్రతినిధియే ప్రక్కకు నెట్టెను.

మాఘమాసము, పాత్రపూర్ సంతదినము. మోటారు పరీక్షాధికారి టోపీతో ముందు బల్లమీద. అతని ప్రక్కన పెదనాన్నగారు, వెనుక నేను. పోయి సురక్షితముగా తిరిగి వచ్చినచో బావకు ఆ దారిన బస్సు నడుపుకొను అనుమతి దొరకును. అక్క తన పెట్టె తెచ్చుకొనలేదు. గుడ్డచుట్టిన తపేలా మాత్రము ఒడిలో పెట్టుకొని కూర్చున్నది. పాత్రపూర్‌లో గది మాటాడియుంచిరి. సంతకు ఎండుచేపలు తీసికొనిపోవు ఒక బెస్త ముసలిది ఎక్కగా, పెదనాన్నగారు ముక్కు మూసికొని ఆమెను గంపతోకూడ చివరి బల్లకు త్రోయించిరి. బావ దారి పొడవున గొప్పలు చెప్పుచునే యుండెను. ఆ ఒక్కదినము అవి నాకు విన సొంపుగా నుండినవి.

ఊరు దాటి, చెరకుతోటలు దాటి, దారి ఎత్తెక్కుచోట ఎడమవైపు ముందుచక్రము గురగురలాడ నారంభించెను. బావ మాటలాపెను. మాడిన నూనెకంపు వచ్చినది. పిమ్మట ఎముక విరిగినట్లు ఒక శబ్దము. చక్రము బిగిసిపోయి, బస్సు ఒరిగి ప్రక్క కాలువలోనికి ముక్కు పెట్టెను. ఎవ్వరికిని దెబ్బ తగులలేదు. అధికారి టోపీ మాత్రము బురదలో పడెను. మొదట వినబడినది చివరి బల్ల.

"శెట్టిబాబూ, నా సేపలు కంపని ఎనక్కి తోసినారు. ఇప్పుడీ కంపెవురిది?"

బావ చక్రము ఊడదీసెను. నాభిలోనుండి రాలిన గుండ్లను గుప్పిట పట్టి పెదనాన్నగారి ముందు తెరచెను. కొన్ని రెండు చెక్కలైనవి, కొన్ని పొడియైనవి, కొన్ని మాత్రము డబ్బాలోనుండి అప్పుడే తీసినట్లు మెరయుచుండెను. ఒకే చక్రములో ఈ భేదమేల అని ఆ దారిలో నిలిచిన ఒక్క పెద్దమనిషికిని తోచలేదు. పెదనాన్నగారు ఆ అరచేతిని చూచిరి, తమ అల్లుని ముఖమును చూచిరి.

"గుండ్లు జర్మనీవి," అనిరి. "సెయ్యి నీది."

అధికారి టోపీ దులుపుకొనుచు తల ఊపెను. జర్మనీ సామాను అట్లు విరుగదనియు, బిగించుట తెలియనివాని చేతిలో ప్రజల ప్రాణములను పెట్టజాలననియు, ఈ దారికి ఈయనకు అనుమతి లేదనియు అక్కడనే చెప్పెను. పరీక్ష మూడు వాక్యములలో ముగిసినది. బావ దారిప్రక్క రాతిమీద కూలబడెను.

పెదనాన్నగారు ఎద్దుబండికి మనిషిని పంపి, అక్క వైపు తిరిగిరి. "సన్యాసీ, బండొస్తాది. ఎక్కు, ఇంటికెల్దారి."

అక్క తపేలా చంకనిడుకొని బస్సు దిగెను. "మీరెల్లండి పెదనాన్నా. పాత్రపూర్ ఇటేపున్నాది."

"మోటారు నేదు, పర్మిషను నేదు. అక్కడికెల్లి ఏటి తింటారు?"

"ఏటో ఒకటి. నానే వండుతాను." పిమ్మట ఆమె మగని వైపు తిరిగెను. "కూకున్నావేటి? లెగు. సక్రం ఇరిగింది గాని కాళ్ళిరగనేదు గదా."

అతడు లేచెను. అక్క వంగి, దుమ్ములో పడిన గుండ్లను, విరిగినవానిని మెరయువానిని కూడ, ఏరి తపేలాలో వేసికొనెను. "ఏలమ్మా అయ్యి, తుక్కు?" అని బెస్త ముసలిది అడిగెను.

"తూకమేసి మా ఆయనకి ఇచ్చినారమ్మా. మాయే కదా."

ముసలిది పకపక నవ్వి, గంప నెత్తికెత్తుకొని వారితోకూడ నడచెను. పెదనాన్నగారి వెంట బండిలో తిరిగి వచ్చినవారము అధికారి, నేను. దారి మలుపు తిరుగువరకు ఆ తపేలాలో గుండ్లు గలగలలాడుట వినబడుచుండెను.

నాటిని నేటితో కొలుచుట ముసలివారి వ్యసనము, నేనును కొలిచెదను. నేడు బరంపురములో డబ్బా విప్పి గుండ్లు కలుపు వర్తకుడు లేడు. సరుకును చేతితో తాకు వర్తకుడే లేడు. అట్టమీది పేరు చూచి కొందురు, అట్టమీది పేరు చూచి అమ్ముదురు. నాడు పెదనాన్నగారు ఆ పేరును నమ్మి అల్లుని అవమానించిరి. నేడు ఆ పేరును నమ్మి అవమానింపబడుటకు అల్లుళ్లు క్యూలో నిలుచున్నారు. మా పెదనాన్నగారి మూర్ఖత నువ్వులనూనె వాసన వేసెడిది. దానిలో కనీసము ఆయన మోచేతివరకు మునిగిరి. ఈ గ్రంథమునకు వాసన లేదు. తెలియక కలిపినవానిని చూచి నేను నవ్వగలను. తెలిసి, చేయి తుడుచుకొని, కెమేరా తెమ్మన్నవానిని చూచి నవ్వుటకు నాకు వచ్చిన ఏ భాషలోను నవ్వు లేదు.

ఇదంతయు ఆ యువకులకు చెప్పితిని. టేపు తిరుగుచుండెను, ఎక్కడనో దానిని ఆపివేసిరి. అక్క పోయిన తరువాత నాకు వచ్చిన ఆ తపేలాను తెచ్చి, దానిలోనుండి రెండు చెక్కలైన ఒక గుండును తీసి, గ్రంథము మరల అచ్చువేయునప్పుడు చిత్రము ప్రక్కన దీనిని కూడ వేయుడని ఆ తెలుగు యువకుని చేతిలో పెట్టితిని. "తప్పకుండా తాతగారూ, చాలా ఇంట్రెస్టింగ్" అనెను. కాఫీ త్రాగిరి, నా కాళ్లకు మ్రొక్కిరి, వెడలిరి. కప్పులు తీయబోయిన మా కోడలు ఆ గుండును సాసరు క్రింద చూచినది. దానిని మరల తపేలాలో వేసితిని.

ఆంగీరస నామ సంవత్సర మాఘ బహుళ తదియనాటి సాయంకాలము అక్కయు బావయు పాత్రపూర్ సంతవీధిలోని అద్దెగదిలో పొయ్యి వెలిగించిరి. బావ ఆ ఊరిలో సైకిళ్లు బాగుచేయు దుకాణము పెట్టెను; మోటారు మరల నడుపలేదు. పెదనాన్నగారు బ్రతికియున్నంతకాలము గుండ్లను తూచియే అమ్మిరి. అక్క ఆ ఇంటి అన్నము మరల తినలేదు.